ఎవరి కాలంలో మనం బాగున్నాం?



ప్రతి ఏడాదీ ఈ పుస్తకంలో మన పొదుపు ఎంత, బ్యాంకు అప్పు ఎంత, తిరిగి కట్టింది ఎంత అని లెక్కలు రాసుకుంటున్నాం. ఈసారి లెక్కలతో పాటు ఒక ప్రశ్న గురించి కూడా రాయాలని కార్యవర్గ సమావేశంలో అనుకున్నాం. అది కొత్త ప్రశ్నేం కాదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన ఊళ్ళోకి వచ్చి మైకులో అడుగుతుంటారు: "అమ్మా, మా నాయకుడి కాలంలో మీరు బాగున్నారా, లేదా?" బాగున్నాం అంటే అంతా ఆయన చలవే అంటారు. మర్నాడు అవతలి పార్టీ వాళ్ళు వచ్చి "మీ బతుకులు ఆయన వల్లే పాడైపోయాయి గదా" అంటారు. ఇద్దరూ మాట్లాడేది మన బతుకు గురించే. మనల్ని మాత్రం నోరు విప్పనివ్వరు.

ఈ గొడవ సంఘాల్లోకి కూడా వచ్చింది. మా మండలంలో ఒక సంఘంలో ఈ మాట మీదే సభ్యులు రెండుగా చీలి, రెండు నెలలు మీటింగు పెట్టుకోలేదు. పొదుపు ఆగింది, బ్యాంకు కంతు మీరింది. ప్రధానమంత్రి ఢిల్లీలో ఉన్నాడు, వడ్డీ మన నెత్తిన పడింది. అందుకే ఈ ప్రశ్నను కోపం లేకుండా, మన చరిత్రనే ముందు పెట్టుకుని చూద్దాం అనుకున్నాం.

ముందు మన మాట

నాలుగు గ్రామ సమాఖ్యల మీటింగుల్లో సభ్యుల్ని ఒకటే అడిగాం: మీ బతుకులో మంచి సంవత్సరం ఏది, చెడ్డ సంవత్సరం ఏది? బోరులో నీళ్ళు పడిన సంవత్సరం అని ఒక అక్క చెప్పింది. కూతురు ఇంటర్ పాసైన సంవత్సరం అని ఇంకొకామె. చెడ్డవి అడిగితే వేరుశనగ మొత్తం ఎండిపోయిన ఏడు, భర్త ఆస్పత్రిలో పడి ఉన్న ఏడు, బిడ్డల్ని ముసలమ్మ దగ్గర వదిలి బెంగళూరుకు వలస పోయిన ఏడు అని చెప్పారు. అప్పుడు దేశానికి ప్రధానమంత్రి ఎవరు అని అడిగితే ఎక్కువ మంది చెప్పలేకపోయారు.

దీన్ని బట్టి నాయకుడికీ మన బతుక్కీ సంబంధం లేదు అనుకోవచ్చా? అనుకోకూడదు. ఆస్పత్రిలో పడిన ఏడు చేతిలో కార్డు ఉందా లేదా, వలస పోయిన ఏడు ఊళ్ళో పని దొరికిందా లేదా, ఇవన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో తీసుకున్న నిర్ణయాలే. ఆ 'ఎప్పుడో' అన్నది ఎవరి కాలంలో పడుతుంది అన్నదే అసలు చిక్కు.

బ్యాంకు అప్పు వచ్చిన దారి

మనం ఈరోజు తీర్మానం రాసుకుని బ్యాంకుకు పోయి అప్పు తెచ్చుకుంటున్నాం. ఇది ఎవరి కాలంలో వచ్చింది? వెనక్కి నడిచి చూద్దాం.

1969 జులైలో ఇందిరాగాంధీ ప్రధానిగా ఉండగా 14 పెద్ద బ్యాంకుల్ని ప్రభుత్వపరం చేశారు. ఆ తర్వాతనే పల్లెల్లో బ్యాంకు శాఖలు బాగా పెరిగాయి. అయినా అప్పుడు మా అమ్మమ్మల కాలం ఆడవాళ్ళు బ్యాంకు గడప తొక్కలేదు. 1982లో నాబార్డు వచ్చింది, డ్వాక్రా పథకం కూడా అప్పుడే మొదలైంది. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీని ప్రయోగంగా పెట్టింది. అప్పుడు ప్రధాని మన పి.వి. నరసింహారావు గారు. 1999లో వాజ్‌పేయి గారి కాలంలో డ్వాక్రాను కలిపేసి స్వర్ణ జయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజన పెట్టారు. 2000 సంవత్సరంలో మన రాష్ట్రంలో వెలుగు మొదలైంది, తర్వాత దానికే ఇందిర క్రాంతి పథం అని పేరు వచ్చింది. 2011లో మన్మోహన్ సింగ్ గారి కాలంలో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చింది. మోదీ గారి కాలంలో ఆ మిషన్ పేరు ముందు దీనదయాళ్ అంత్యోదయ అని చేరింది.

ఇప్పుడు చెప్పండి, మనం కొన్న గేదె ఎవరి చలవ? 1969లో శాఖలు పెరగకపోతే అప్పిచ్చే బ్యాంకు లేదు. 1992లో సంఘాన్ని నమ్మి అప్పిచ్చి చూడకపోతే, పొలం పట్టా లేని ఆడదానికి బ్యాంకు మేనేజరు కుర్చీ కూడా చూపించడు. ఇవన్నీ ఉన్నా, మన అమ్మలు వర్షంలోనూ చీకట్లోనూ మీటింగుకు వచ్చి నెలకు ముప్పై రూపాయలు కట్టకపోతే ఆ సంఘమే లేదు. ప్రతి ప్రభుత్వమూ పాత దాని మీద కొత్త బోర్డు పెట్టింది. ఇటుక మీద ఇటుక పేర్చింది మాత్రం చాలా చేతులు.

చదువు పెడితే సారా పోయింది

రెండో చరిత్ర నెల్లూరుది. 1988లో రాజీవ్ గాంధీ ప్రధానిగా ఉండగా జాతీయ అక్షరాస్యతా మిషన్ పెట్టారు. పెద్దవాళ్ళకు చదువు నేర్పడం దాని పని. ఆ వెలుగు నెల్లూరు జిల్లాకు వచ్చేసరికి ఆయన పదవిలో లేరు. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు అక్షరాలు దిద్దుతూ తమ ఇళ్ళ గురించి మాట్లాడుకున్నారు. మాట ఎటు తిప్పినా సారా దగ్గరికే వచ్చింది. కూలి డబ్బు సారా అంగడికి పోతోంది, ఇంటికి దెబ్బలు వస్తున్నాయి. 1992లో దూబగుంటలో రోశమ్మ గారు, ఆమెతో పాటు ఊరి ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి నుంచి ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో దాన్ని సడలించారు.

అప్పుడు ఢిల్లీలో ప్రధాని మన తెలుగువాడే. దేశమంతా ఆయన 1991లో తెచ్చిన ఆర్థిక సంస్కరణల గురించి మాట్లాడుకుంటోంది. దూబగుంట అమ్మకు ఆ సంవత్సరాల్లో బతుకు మారింది మాత్రం సారా అంగడికి తాళం పడినందువల్ల. ఆ తాళం ఏ ప్రధానీ వేయలేదు. కానీ ఆమె చేతికి పలక వచ్చింది ఒక ప్రధాని కాలంలో పెట్టిన పథకం వల్లనే. చదువు పెట్టినవాళ్ళకు ఇది సారా మీదికి పోతుందని తెలియదు. ఆ పోరాటం తర్వాతనే నెల్లూరులో ఆడవాళ్ళు, సారా మీద పోయే డబ్బును పొదుపు చేసుకుందాం అని పొదుపు ఉద్యమం నడిపారు. మన సంఘాలు పుట్టిన వీధుల్లో అదొకటి.

కరువు పని

మూడోది మన అనంతపురందే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ గారు, సోనియాగాంధీ గారు ఉపాధి హామీ పథకం మొదలుపెట్టారు. దేశంలో మొదట 200 జిల్లాలు, అందులో మనది ఒకటి. మన వాళ్ళు దాన్ని 'కరువు పని' అనే పిలిచారు. వంద రోజుల పని, ఆడకూ మగకూ ఒకే కూలి, పనిచేసేవాళ్ళలో మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్ళు ఉండాలి, పని దగ్గర నీళ్ళు, నీడ ఉండాలి అని చట్టంలోనే రాశారు.

ఇది ఆ ప్రభుత్వం చేసిందే, ఆ గొప్ప వాళ్ళకు ఇవ్వాలి. కానీ దీని విత్తనం 1972లో మహారాష్ట్రలో వచ్చిన పెద్ద కరువులో పడింది. పని అడిగితే పని ఇవ్వాలి అని అక్కడ ముందు పథకం పెట్టి, 1977లో చట్టం చేశారు. అక్కడి కూలీలు రాళ్ళు కొట్టిన ముప్పై ఏళ్ళ తర్వాత మనకు ఇక్కడ జాబ్ కార్డు వచ్చింది.

చట్టం ఒకటే అయినా ఊరూరికీ ఒకేలా నడవలేదు. పని కావాలని కాగితం రాసిచ్చి రసీదు తీసుకున్న ఊళ్ళో పని దొరికింది. సోషల్ ఆడిట్ సభలో నిలబడి మస్టరు చదివించుకున్న ఊళ్ళో దొంగ పేర్లు బయటపడ్డాయి. నోరు మూసుకున్న చోట కార్డు గోడకు వేలాడింది. ప్రధాని ఒకడే, చట్టం ఒకటే, పక్క పక్క ఊళ్ళలో బతుకులు వేరు.

దేశం పెరుగుతున్నప్పుడు

2010 నాటికి దేశం ఏటా ఎనిమిది శాతం పైన పెరుగుతోందని పేపర్లలో వచ్చేది. అదే సంవత్సరం మన రాష్ట్రంలో సూక్ష్మ రుణ కంపెనీల అప్పుల్లో ఆడవాళ్ళు మునిగిపోయారు. ఒక కంపెనీ కంతు కట్టడానికి ఇంకో కంపెనీ అప్పు. ప్రతి వారం వసూలు, వాకిట్లో కూర్చోవడం, పదిమందిలో అవమానం. ప్రాణాలు తీసుకున్న అక్కలు ఉన్నారు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆ వసూళ్ళకు కళ్ళెం వేసింది.

దేశం లెక్క బాగున్నంత మాత్రాన మన ఇంటి లెక్క బాగుంటుందని లేదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆ రోజుల్లో సంఘంలో అంతర్గత అప్పు సమయానికి దొరికిన సభ్యులు కంపెనీ గడప తొక్కలేదు. దొరకనివాళ్ళు తొక్కారు.

ఒక్క రాత్రి

ఇవన్నీ చూసి నాయకుడి పని ఎప్పుడూ ఆలస్యంగానే తగులుతుంది అనుకోవద్దు. 2016 నవంబరు 8 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధాని మోదీ గారు టీవీలో మాట్లాడారు. ఆ అర్ధరాత్రి నుంచి 500, 1000 నోట్లు చెల్లవన్నారు. పోపుల డబ్బాలో, బియ్యం డ్రమ్ములో భర్తకు తెలియకుండా దాచుకున్న డబ్బు తెల్లారేసరికి బయటికి తీయాల్సి వచ్చింది. అది కష్టానికో రోగానికో దాచుకున్నది. మనకది వేరుశనగ అమ్మే కాలం. పాత నోట్లయితే ఇస్తాం అన్న వ్యాపారులు ఉన్నారు. కూలికి పోయేవాళ్ళు కూలి మానుకుని బ్యాంకు దగ్గర లైన్లో నిలబడ్డారు. 2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటన కూడా అంతే, నాలుగు గంటల్లో దేశం ఆగిపోయింది. మన వలస కూలీలు బెంగళూరు రోడ్ల మీద ఉండిపోయారు.

మళ్ళీ ఆ 2020లోనే, 2014లో ఇదే ప్రధాని కాలంలో తెరిచిన జన్‌ధన్ ఖాతాల్లో ఆడవాళ్ళకు మూడు నెలలు నెలకు 500 పడ్డాయి. ఉచిత బియ్యం కూడా వచ్చింది. ఆ బియ్యం ఇచ్చింది 2013 ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డులకే, ఆ చట్టం ముందు ప్రభుత్వానిది. ఒక కుండలో రెండు ప్రభుత్వాల బియ్యం ఉడికాయి.

చెరువుకు గండి పడటానికి ఒక రాత్రి చాలు, నిండటానికి రెండు మూడు వానలు కావాలి. నాయకుల పని కూడా మాకు అట్లానే కనబడింది. దెబ్బ కొడితే వెంటనే తెలుస్తుంది. మేలు చేస్తే అది మన వాకిట్లోకి వచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకొకరు ఉంటారు. అందుకే ఐదేళ్ళకోసారి మైకులో అడిగే ప్రశ్నకు అవును, కాదు అని ఒక ముక్కలో జవాబు చెప్పలేం.

మరి ఏం అడగాలి

ఓటు ఎవరికి వేయాలో ఈ సమాఖ్య ఎవరికీ చెప్పదు. మన సంఘాల్లో అన్ని పార్టీల వాళ్ళం ఉన్నాం, ఇక ముందు కూడా ఉంటాం. కానీ అంతా ఆయన చలవే అని ఒప్పుకుంటే, రేపు అది ఆగిపోతే అడిగే నోరు ఉండదు. దయకు దండం పెట్టగలం గానీ రసీదు అడగలేం. వాళ్ళకూ మనకూ సంబంధమే లేదు అన్నామా, నోట్లు రద్దు చేసినా, కూలి ఆలస్యం చేసినా ఎవరూ జవాబు చెప్పనక్కర్లేకుండా పోతుంది. రెండు విధాలా నష్టం మనకే.

కాబట్టి ఇకమీదట ఎవరు వచ్చి అడిగినా మనం తిరిగి మూడు మాటలు అడుగుదాం. మీరు చెప్పేది చట్టమా, పథకమా, ఉత్త మాటా? చట్టమైతే మీరు దిగిపోయినా మాకు ఉంటుంది. అది ఎప్పుడు మొదలైంది, మీరు దానికి కలిపింది ఏంటి, తీసింది ఏంటి? మా ఊళ్ళో ఎంతమందికి అందింది, అందనివాళ్ళ కాగితం ఎవరి దగ్గర ఆగింది?

దీనికి మన దగ్గర ఉన్న సాక్ష్యం మన పుస్తకాలే. మినిట్స్ పుస్తకంలో ఏ నెల అప్పు ఎందుకు తీసుకున్నారో రాసి ఉంటుంది. ఆస్పత్రికి, విత్తనాలకు, ఫీజుకు, పాత అప్పు తీర్చడానికి అని. అవి వరసగా పెట్టి చూస్తే ఏ ఏడు మనం బాగున్నామో, ఏ ఏడు చితికిపోయామో మైకు లేకుండానే తెలుస్తుంది. వచ్చే మహాసభకు ప్రతి సంఘం లీడర్లు, బుక్ కీపర్లు తమ పాత మినిట్స్ పుస్తకాలు తీసుకురావాలి. సంఘం పుట్టిన సంవత్సరం నుంచి ఇప్పటిదాకా ఒక చార్టు వేద్దాం. ఒక పక్క మన అప్పులు, వాటి కారణాలు. ఒక పక్క వానలు, పంటలు. మూడో పక్క ప్రభుత్వాల నిర్ణయాలు, వాటి తేదీలు. చెదలు పట్టిన పుస్తకాలైనా సరే, పారేయకుండా తీసుకురండి. చదవలేని పేజీల దగ్గర పాత సభ్యుల్ని కూర్చోబెట్టుకుని అడిగి రాసుకుందాం.