రెండు చేతులు చాలని చోట

ఎల్పీ రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 1.8 సెకన్లు. ఆ ఒక్క చుట్టులో సరిగ్గా నాలుగు బీట్లు పట్టేలా శబ్దం చెక్కి, గాడి చివరను తీసుకెళ్లి గాడి మొదటికే కలిపేస్తే ముల్లు ఇక లోపలికి జరగదు. ఎవరైనా చెయ్యి పెట్టి ఎత్తేదాకా అదే ముక్క మోగుతూనే ఉంటుంది. లెక్క కడితే నిమిషానికి 133 బీట్లు. టెక్నో మోగే క్లబ్బుల్లో ఇది ఇవాళ్టికీ మామూలు వేగమే.

ఇప్పుడు డీజే బల్ల మీద టర్న్‌టేబుళ్ల పక్కన కూర్చునే లూప్ శాంప్లర్‌కు పూర్వరూపం ఈ మూసిన గాడి. దీన్ని సంగీతానికి వాడుకున్న తొలి మనిషి డీజే కాదు, పారిస్ రేడియోలో ఇంజనీరు. పియెర్ షెఫెర్ రైలింజన్ల చప్పుళ్లు రికార్డు చేసి, మూసిన గాడులతో వాటిని మళ్లీ మళ్లీ మోగించి, ఒకదానిపై ఒకటి పేర్చి 1948 అక్టోబర్ 5న ప్రసారం చేశాడు. అప్పటి రికార్డులు 78 చుట్లవి కాబట్టి ఆయన చేతికి చిక్కింది చుట్టుకు ముప్పావు సెకను మాత్రమే. ఆయన చేసింది స్టూడియోలో, తీరిగ్గా. జనం ముందు, పాట ఆగకుండా అదే పని చేయాల్సి వచ్చినప్పుడే అసలు చిక్కు మొదలైంది.

ఆ చిక్కు న్యూయార్క్ బ్రాంక్స్‌లో పుట్టింది. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు అపార్ట్‌మెంటు కింది హాల్లో సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి బడి బట్టల ఖర్చు కోసం టికెట్టు పెట్టి పార్టీ చేసింది. పాటలు వేసింది ఆమె అన్న క్లైవ్, జనం పిలిచే పేరు కూల్ హెర్క్. జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టి చిన్నతనంలోనే న్యూయార్క్ వచ్చినవాడు. పార్టీల్లో ఒక సంగతి గమనించాడతను. పాటంతా ఓపిగ్గా నిలబడి విన్న కుర్రాళ్లు, గాయకుడూ గిటారూ తప్పుకుని డ్రమ్స్ ఒక్కటే మిగిలే కొద్ది సెకన్లలో మాత్రం విజృంభిస్తున్నారు. ఆ కొద్ది సెకన్ల పేరు బ్రేక్. మరి దాన్ని సాగదీయడం ఎలా? ఒకే పాట రికార్డులు రెండు కొని, రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒకదాంట్లో బ్రేక్ అయిపోగానే రెండోదాంట్లో మొదలుపెట్టాడు. ఇది మోగుతుండగా అది వెనక్కి. మనిషే లూప్ యంత్రం అయ్యాడన్నమాట.

హెర్క్ సౌండ్ సిస్టమ్‌కు ఎదురులేదు కానీ, కలిపే చోట బీటు తప్పేది. ముల్లును అందాజాగా దించేవాడు మరి. దీన్ని భరించలేకపోయిన వాళ్లలో జోసెఫ్ శాడ్లర్ ఒకడు. బ్రాంక్స్‌లోనే ఒక వృత్తివిద్యా పాఠశాలలో ఎలక్ట్రానిక్స్ చదువుకున్న కుర్రాడు. తర్వాత గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అయ్యాడు. అతని దృష్టిలో ఇది సంగీత సమస్య కాదు, రిపేరు సమస్య. టర్న్‌టేబుల్ మీది రబ్బరు మ్యాట్ రికార్డును పట్టేసి వెనక్కి తిప్పనివ్వడం లేదు. ఫెల్టు గుడ్డ తెచ్చి, గంజి స్ప్రే కొట్టి, ఇస్త్రీ చేసి గట్టిపరచి రికార్డు కింద వేశాడు. అవతలి రికార్డును జనానికి వినబడకుండా తాను మాత్రం ముందే వినాలి. మిక్సర్‌కు ఒక చిన్న స్విచ్చు తగిలించి హెడ్‌ఫోన్‌కు దారి ఇచ్చాడు. బ్రేక్ ఎక్కడ మొదలవుతుందో కనబడాలి. రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీసి, గడియారం ముల్లును చూసినట్టు ఎన్ని చుట్లు వెనక్కి తిప్పాలో లెక్క పెట్టుకున్నాడు.

ఈ మూడింటితో బీటు తప్పకుండా బ్రేక్‌ను ఎంతసేపైనా నడపగలిగాడు. కానీ రెండు చేతులూ అక్కడే బందీ. లూప్ నడుస్తున్నంతసేపూ మూడో పాట తేవడానికి వీల్లేదు, దాని మీద ఇంకేదీ కలపడానికి వీల్లేదు. అతను వెతుక్కున్న దారులు రెండు. ఒకటి, వాక్స్ కంపెనీ తయారుచేసిన పర్కషన్ కింగ్ అనే డ్రమ్ యంత్రాన్ని సంపాదించి, టర్న్‌టేబుళ్లు ఆపేసి బటన్లు నొక్కుతూ దరువు వాయించడం. రెండోది, ఇంకో టర్న్‌టేబుల్. 1981లో అతని పేరుతో వచ్చిన ‘అడ్వెంచర్స్ ఆఫ్ గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ ఆన్ ది వీల్స్ ఆఫ్ స్టీల్’ మూడు టర్న్‌టేబుళ్ల మీద ప్రత్యక్షంగా వాయించి రికార్డు చేసిన ముక్క. డీజే పక్కన ఇంకో పెట్టె ఎందుకు అని అడిగేవారు దాన్ని ఒకసారి వినాలి. అందులో ప్రతి మలుపూ ఆ పెట్టె అవసరాన్నే చెబుతుంది.

షికాగోలోనూ ఇదే లోటు, కాస్త వేరే రూపంలో. అక్కడ ఫ్రాంకీ నకల్స్, రాన్ హార్డీ అనే డీజేలు ఇంట్లో రీల్ టేపు కోసి అతికించి బ్రేకులు పొడిగించుకుని క్లబ్బుకు తెచ్చేవారు. డెట్రాయిట్ కుర్రాడు డెరిక్ మే తన రోలాండ్ టీఆర్-909 డ్రమ్ యంత్రాన్ని నకల్స్‌కు అమ్మాడు. పాట పాతబడ్డా కింద దరువు కొత్తగా బలంగా మోగే వీలు దాంతో దొరికింది. 1983లో మార్కెట్లోకి వచ్చి దాదాపు పది వేలు మాత్రమే తయారై ఆగిపోయిన యంత్రమది. డెట్రాయిట్ వాళ్లయితే షెఫెర్ గాడిని మళ్లీ తవ్వి తీశారు. 1992 నాటి ‘రింగ్స్ ఆఫ్ శాటర్న్’ రికార్డులో మూసిన గాడులు చెక్కించారు. ఆ గాడిలో ముల్లు పెడితే చాలు, ఆ టర్న్‌టేబులే లూప్ యంత్రం. డీజే రెండు చేతులూ ఖాళీ.

అసలు శాంప్లర్ సంగతికి వద్దాం. బయటి శబ్దాన్ని అంకెలుగా మార్చి దాచుకుని, మీట నొక్కగానే తిరిగి పలికించే యంత్రం ఇది. 1979లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఫెయిర్‌లైట్ సీఎంఐ ధర ఇంటి ధరతో పోటీ పడేది కాబట్టి వీధి కుర్రాళ్ల ఊహకు కూడా అందలేదు. ఆట మార్చింది 1987లో కాలిఫోర్నియా కంపెనీ ఈ-ము తెచ్చిన ఎస్పీ-1200. ధర సుమారు 3 వేల డాలర్లు. ఎనిమిది మీటలు, 12 బిట్ల నాణ్యత, మొత్తం జ్ఞాపకశక్తి పది సెకన్లు. నిమిషాలు కాదు, సెకన్లే. ఒక్కో ముక్క రెండున్నర సెకన్లు దాటకూడదు.

ఈ పది సెకన్ల ఇరుకులో నుంచే ఒక తరం సంగీతపు రంగు పుట్టింది. 33 చుట్ల రికార్డును 45లో తిప్పి శాంప్లర్‌కు ఎక్కించేవారు. వేగం 1.35 రెట్లు కాబట్టి పది సెకన్లలో పదమూడున్నర సెకన్ల సరుకు పట్టేది. ఆ తర్వాత యంత్రంలో వేగం తగ్గించి అసలు శ్రుతికి దించేవారు. ఆ దించడంలో శబ్దం అంచులు అరిగి, ఇసుక కలిసినట్టు గరుకుగా మారేది. ఇంజనీర్ల లెక్కలో అది లోపం. జనం మాత్రం దాన్నే కోరుకున్నారు. మరుసటి ఏడు రోజర్ లిన్ రూపకల్పన చేసిన అకాయ్ ఎంపీసీ60 వచ్చింది. నాలుగు వరసల్లో నాలుగేసి రబ్బరు గడులు, వేలి బలాన్ని బట్టి పలికే ధ్వని, ఐదు వేల డాలర్ల దరిదాపుల్లో ధర. మన పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ప్యాడ్స్ వాయించేవాళ్లను దగ్గర నుంచి చూసినవారికి ఎంపీసీ కొత్తగా ఏమీ అనిపించదు. అక్కడ కర్రతో కొడతారు, ఇక్కడ వేలితో.

అయితే ఇవన్నీ స్టూడియో గది కోసం చేసినవి. పాట నడుస్తుండగా, చీకట్లో, జనం ముందు వాడాలంటే రెండు అడ్డంకులు.

మొదటిది తీగల గొడవ. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సంకేతం కొన్ని మిల్లీవోల్టులే. దాన్ని నేరుగా శాంప్లర్‌లో పెడితే పీలగా, బేస్ లేకుండా వినిపిస్తుంది. ముందు మిక్సర్‌లోని ఫోనో భాగం దాన్ని పెంచి సరిచేయాలి. కాబట్టి శాంప్లర్ చోటు ఎప్పుడూ మిక్సర్ తర్వాతే. మిక్సర్ నుంచి శబ్దం పంపి తిరిగి తీసుకునే సెండ్, రిటర్న్ సాకెట్లకు తగిలించడం ఒక పద్ధతి. తిరిగొచ్చే శబ్దానికి ఒక ఖాళీ ఛానల్ పూర్తిగా కేటాయించడం రెండో పద్ధతి. అనుభవమున్నవాళ్లు రెండోదాన్నే ఎంచుకుంటారు. లూప్‌కు సొంత ఫేడర్, సొంత బేస్ మీట ఉంటాయి కనుక, లూప్‌లోని కిక్ డ్రమ్మూ రికార్డులోని కిక్ డ్రమ్మూ గుద్దుకుంటున్నప్పుడు ఒకదాని బేస్ తుంచేయవచ్చు. జాగ్రత్త పడాల్సింది ఒక్కటే. లూప్ తిరిగొచ్చే ఛానల్ నుంచి మళ్లీ శాంప్లర్‌లోకే సెండ్ తెరిస్తే శబ్దం తనను తానే తినుకుంటూ పెరిగి కూతగా మారుతుంది. హాలంతా చెవులు మూసుకుంటుంది.

రెండోది కాలం గొడవ. కథంతా దీని చుట్టూనే. 1983లో వచ్చిన మిడి ఒప్పందం వల్ల ఒక యంత్రం ఇంకో యంత్రానికి బీటుకు 24 చొప్పున టిక్కులు పంపి వేగం చెప్పగలుగుతుంది. రికార్డు ఏ టిక్కూ పంపదు. పైగా 1970ల ఫంక్ డ్రమ్మర్లు గడియారం పెట్టుకుని వాయించలేదు. ఊపు వస్తే కాస్త పరుగెత్తారు, అలసిపోతే కాస్త వెనక్కి తగ్గారు. లూప్ అలా కాదు, కోసిన కొలతకు కట్టుబడి ఉంటుంది. కోతలో 10 మిల్లీసెకన్ల తేడా వచ్చిందనుకోండి. ఒక్కసారికి చెవి పట్టదు. పదహారుసార్లు తిరిగేసరికి 160 మిల్లీసెకన్లు, అంటే నిమిషానికి 120 బీట్ల పాటలో బీటులో మూడో వంతు దగ్గర. గుర్రాల పరుగులా రెండు డ్రమ్ములు గజిబిజిగా దడదడలాడతాయి. కాబట్టి శాంప్లర్ తెచ్చుకున్న డీజేకు చేతి పని తగ్గింది కానీ చెవి పని పెరిగింది. టర్న్‌టేబుల్ పిచ్ మీటను వెంట్రుకవాసి జరుపుతూ రికార్డునే లూప్ వెంట నడిపించాలి.

1990ల మధ్య నుంచి ఆ చెవి పనిని కూడా పెట్టెలు పంచుకోవడం మొదలుపెట్టాయి. 1994లో పయొనీర్ సీడీజే-500 సీడీ ప్లేయర్లోనే లూప్ మీట పెట్టింది. ఆ కంపెనీ మిక్సర్లు బీటును విని వేగం లెక్కగట్టడం నేర్చుకున్నాయి. 1999లో కొర్గ్ కాస్‌ప్యాడ్ వచ్చి వేలితో రుద్దితే శబ్దం మారే పలకను అందించింది. 2006 నాటి దాని మూడో రూపం నాలుగు లూపులు పట్టుకుని వేగానికి కుదుర్చుకోగలిగింది. అదే కాలంలో టెక్నో డీజే రిచీ హాటిన్ రెండు మెట్లలో ఈ దారి చివరిదాకా వెళ్లి చూపించాడు. 1999లో ‘డెక్స్, ఈఎఫ్ఎక్స్ అండ్ 909’. పేరే పరికరాల జాబితా. 2001లో ‘డీఈ9’. అందులో వందకు పైగా పాటలను లూపులుగా తరిగి మళ్లీ కూర్చాడు. మొదటిదాంట్లో రికార్డులు ఉన్నాయి, పక్కన పెట్టె ఉంది. రెండోదాంట్లో ఏది రికార్డో ఏది లూపో విడదీయడమే కుదరదు.

2018లో పయొనీర్ డీజేఎస్-1000తో కథ ఒక కొలిక్కి వచ్చిందనుకోవచ్చు. పదహారు గడులు, తాకే తెర, పక్కనున్న ప్లేయర్లతో తీగ ద్వారా మాట్లాడుకుని వేగం కలుపుకునే తెలివి. ఇక ఏదీ బీటు తప్పదు. నాకైతే ఇక్కడే కొంచెం ఉత్సాహం చల్లబడుతుంది. లూప్ సరిగ్గా పడుతుందో లేదో అన్న ఉత్కంఠ లేనప్పుడు, పడ్డప్పుడు హాలు అరిచే అరుపూ ఉండదు. కొత్తగా పెట్టె కొనాలనుకునే కుర్రాళ్లకు నా సలహా ఇది: ఎన్ని గంటల జ్ఞాపకశక్తి ఉందో చూడకండి, చీకట్లో చూడకుండా ఎన్ని మీటలు తడుముకోగలరో చూడండి. ఎస్పీ-1200ను దాని రూపకర్త డేవ్ రాసమ్ కంపెనీయే 2021లో మళ్లీ తయారుచేసి నాలుగు వేల డాలర్ల ధరకు అమ్మింది. జేబులోని ఫోనులో వేల పాటలు పట్టే కాలంలో, సెకన్ల లెక్కన కొలిచే యంత్రానికి కొనేవాళ్లు దొరికారు.

ఇన్ని పెట్టెల చరిత్రలో పెట్టెలో దాక్కున్నవాళ్ల గురించి రెండు మాటలు చెప్పకపోతే అన్యాయం. 1991 డిసెంబరులో న్యూయార్క్ కోర్టు ర్యాపర్ బిజ్ మార్కీ కేసులో అనుమతి లేని శాంపిల్ దొంగతనమేనని తేల్చింది. అప్పటి నుంచి పాట హక్కుదారులకు, రికార్డు కంపెనీలకు డబ్బు వస్తోంది. డ్రమ్మరుకు రాదు. జేమ్స్ బ్రౌన్ ‘ఫంకీ డ్రమ్మర్’లో లోకమంతా కోసుకున్న ఆ దరువు వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ కూలికి వాయించినవాడు. పాటలో వాటా లేదు. 1969లో వచ్చిన ‘ఆమెన్, బ్రదర్’లోని ఆరేడు సెకన్ల బ్రేక్‌ను కొన్ని వేల పాటల్లో వాడుకున్నారు. ఆ పాట చేసిన బృందం నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు దశాబ్దాల పాటు పైసా రాలేదు. 2015లో ఒక బ్రిటిష్ డీజే ఇంటర్నెట్‌లో చందాలు పోగుచేసి 24 వేల పౌండ్లు అందించాడు. ఆ బ్రేక్ వాయించిన గ్రెగరీ కోల్‌మన్ 2006లోనే అట్లాంటాలో, తలదాచుకోను ఇల్లు లేకుండా చనిపోయాడు.