కణములోని కూడలి



విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ మార్గములు కలియుచోట హనుమాన్ జంక్షన్ ఉన్నది. నూజివీడు తోటలనుండి మామిడికాయలతో వచ్చిన బండి అచ్చట ఏ దారి పట్టినదో దానినిబట్టి సరుకు చేరు ఊరు నిర్ణయమగును. మన దేహములోని ప్రతి కణమునకును ఇట్టి కూడలి యొకటి కలదు. విభజన చెందవలెనా, ఉన్నట్లే ఉండి తన పని చేయవలెనా, లేక మరణించవలెనా అను విషయమును కణమునకు అందు సంకేతములు నిర్ణయించును. అవి చెడినచో ఆగవలసిన కణము ఆగదు, చావవలసినది చావదు. క్యాన్సరునకు మూలమిదియే.

ఈ సంకేతముల చరిత్రలో మన తెలుగువాని పేరొకటి కలదు. కొల్లేటికి ఆవలనున్న భీమవరమున 1895లో ఎల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించినారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను జబ్బునకు బలియైనారు. మద్రాసులో వైద్యము చదివి, 1923లో ఆయన బోస్టను చేరినారు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలసి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించినారు. 1929లో కండరములలో ఎ.టి.పి. అను పదార్థమును గుర్తించినారు. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొన్నాడు.

ఎ.టి.పి. కణమునకు శక్తినిచ్చు నాణెమని పిమ్మట తెలిసినది. అది అంతటితో ఆగలేదు. కాగితముపై ముద్ర పడినగాని ఉత్తరువు అమలు కానట్లు, ఎ.టి.పి. నుండి ఒక ఫాస్ఫేటు వచ్చి అంటుకొన్నగాని అనేక ప్రోటీనులు పనికి పూనుకొనవు. ఈ మర్మమును 1950 దశకమున ఫిషర్, క్రెబ్స్ అను శాస్త్రజ్ఞులు వెల్లడించినారు. 1992లో వారికి నోబెల్ బహుమానము లభించినది. ముద్ర వేయు ఎంజైములకు కైనేజులని పేరు.

సుబ్బారావుగారు 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరినారు. అచ్చట ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. తన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందైనది. ఆ జాతి పదార్థములను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా శిశువులకు ఇచ్చి చూడగా రోగము పెచ్చుపెరిగినది. అట్లైన, ఫోలిక్ ఆమ్లమునకు విరోధియైన మందు రోగమును అణచదా? సుబ్బారావుగారి బృందము అట్టి ఎమినోప్టెరినును పంపినది. 1948లో ఫార్బర్ ప్రకటించినట్లు, 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనిపించినది. అది తాత్కాలికమే, కాని అంతవరకు ఆ మాత్రపు ఉపశమనమైనను ఎరుగని రోగమది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసినారు.

ఈ మందు విభజన చెందు కణమునకు కావలసిన సరుకును అడ్డగించును. అందుచే మూలగలోను, ప్రేగులలోను మంచి కణములు కూడ దెబ్బతినును. చెడు సంకేతమును మాత్రమే ఆపు మందు 2001లో అమెరికాలో అనుమతి పొందినది. దాని పేరు ఇమాటినిబ్. ఒక దీర్ఘకాలిక ల్యుకేమియాలో ఎబిఎల్ అను కైనేజు విరామము లేక ముద్రలు వేయుచుండును. ఎ.టి.పి. కూర్చుండు చోటనే ఇమాటినిబ్ కూర్చుండి ఆ ముద్రను ఆపును. కొన్ని కణములు ఆ పీఠపు ఆకారమునే మార్చుకొని మందును త్రోసివేయును గనుక పోరాటము ముగియలేదు.

ఎమినోప్టెరినునకు తోబుట్టువైన మెథోట్రెక్సేటు మాత్రము ల్యుకేమియా పిల్లల చికిత్సలో నేటికిని వాడుకలో ఉన్నది.