యాత్రయు, చిత్తసంతానమును

కదలువానికి లోకము మారుచున్నట్లు తోచుట సహజము. తానును మారుచున్నానని గ్రహించుట మాత్రము అంత సులభము కాదు. ఇట్టి గ్రహింపునకు రాహుల్ సాంకృత్యాయనుని జీవితము చక్కని నిదర్శనము. తెలుగు పాఠకులు ఆయనను 'ఓల్గా నుంచి గంగకు' అను గ్రంథముచేత ఎరుగుదురు. ఆ కథకుని వెనుక ఒక బౌద్ధ పండితుడు కలడు.

ఆయన 1893 లో ఆజంగఢ్ జిల్లాయందు జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు కేదారనాథుడు. ఇల్లు విడిచి, వైష్ణవ మఠమున చేరి రామోదర దాసయ్యెను. పిదప ఆర్యసమాజమున ప్రవేశించెను. 1927 లో సింహళమునకేగి, విద్యాలంకార పరివేణమున సంస్కృతము బోధించుచు, తాను పాలి త్రిపిటకములను అభ్యసించెను. 1930 లో భిక్షువై రాహులుడయ్యెను. పేరు మారినది, వేషము మారినది, విశ్వాసము మారినది. ఇన్ని మార్పులలో మారని వాడెవడు?

మారనివాడొకడు ఉండనక్కరలేదని బౌద్ధుల సమాధానము. చిత్తము ప్రతిక్షణము పుట్టి నశించును. ఒక క్షణము తరువాతి క్షణమునకు కారణమగును. ఈ పరంపరయే చిత్తసంతానము. పారుచున్న నీటిని చూచి ఒకే నది యన్నట్లు, ఈ ధారను చూచి 'నేను' అనుచున్నాము. 7 వ శతాబ్దివాడైన ధర్మకీర్తి దీనిని తర్కముచే సమర్థించెను. కార్యము చేయగలదియే సత్తు. మార్పులేనిది కార్యము చేయజాలదు. కావున సత్తంతయు క్షణికము. ప్రత్యక్షము, అనుమానము అను రెండే ప్రమాణములు.

ధర్మకీర్తి రచించిన 'ప్రమాణవార్తికము' మూలము చిరకాలము భారతీయ పండితులకు అందక, టిబెటు అనువాదమున నిలిచియుండెను. రాహులుడు 1929 లో వేషము మార్చుకొని నేపాళము మీదుగా టిబెటు చేరెను. 1934, 1936, 1938 లలో మరల పోయెను. అచ్చటి మఠములలో, తరతరముల ధూళి క్రింద, ఆ గ్రంథముయొక్కయు, అసంగుని 'యోగాచారభూమి' యొక్కయు సంస్కృత తాళపత్ర ప్రతులు కనబడెను. కొన్నింటిని చేతితో వ్రాసికొనెను. కొన్నింటికి ఛాయాచిత్రములు తీసెను. చిత్తమును గూర్చి భారతదేశము ఆలోచించి మరచినదానిని, ఒక బాటసారి కాలినడకన తిరిగి తెచ్చెను.

ఐనను ఆయన గురువునకు దాసుడు కాలేదు. చిత్తము దేహమునుండి పుట్టదనియు, పూర్వచిత్తమునుండియే పుట్టుననియు, కావున పునర్జన్మ కలదనియు ధర్మకీర్తి వాదించెను. భౌతికవాదము వైపు మరలిన రాహులుడు క్షణికత్వమును గ్రహించి, పునర్జన్మను విడిచెను. ఏరు దాటిన పిదప తెప్పను నెత్తిన మోయరాదన్న బుద్ధుని ఉపమానము ఆయనకు ప్రియమైనది. ఒక తీరమున ఆగిపోక సాగుట ఆయనకు నడకలోనే కాదు, ఆలోచనలోను అలవడినది.

1961 లో వ్యాధి సోకి ఆయన స్మృతిని హరించెను. అనేక భాషలు నేర్చిన వానికి మాటలే దూరమయ్యెను. మాస్కోలో చేసిన చికిత్సయు ఫలింపలేదు. 1963 ఏప్రిల్ 14 న డార్జిలింగునందు ఆయన కన్నుమూసెను. దేహమునకు తగిలిన దెబ్బ చిత్తమును చెరపిన ఈ ఘట్టము ధర్మకీర్తి వాదమునకు ఒక కఠిన ప్రశ్న. కాని స్మృతి పోయిన పిదపను ఆయన తెచ్చిన తాళపత్రములు ఇతరుల చిత్తములలో ఆలోచనలను పుట్టించుచునే యున్నవి. ఒక క్షణము మరియొక క్షణమునకు కారణమగుట యన్న మాటకు, దేహముతో ముగియని అర్థము ఒకటి ఇచ్చట కానవచ్చుచున్నది.