మెగ్నీషియం బిరడా

తకాషి హయాషికి రెండు వృత్తులు, రెండు పేర్లు. టోక్యోలోని కేయో విశ్వవిద్యాలయంలో ఆయన ఫిజియాలజీ ప్రొఫెసర్. లెనిన్‌గ్రాడ్ వెళ్ళి పావ్లోవ్ దగ్గర పనిచేసి వచ్చినవాడు. కిగి తకతారో అన్న కలం పేరుతో డిటెక్టివ్ కథలు కూడా రాసేవాడు. ఆ రాతలకి 1937లో జపాన్‌లో పేరున్న నవోకి బహుమతి వచ్చింది.

ఈ డిటెక్టివ్ రచయిత 1954లో ఒక పరిశోధనాపత్రం ప్రచురించాడు. కుక్క మెదడు పైపొరలోకి సోడియం గ్లూటమేట్ ఎక్కిస్తే దానికి ఫిట్స్ వస్తున్నాయని అందులో రాశాడు. సోడియం గ్లూటమేట్ అంటే మరేదో కాదు, నూడుల్స్ బండివాడు చిటికెడు వేసే అజినమోటో. (కంగారేమీ లేదు. రక్తానికీ మెదడుకీ మధ్య గట్టి కాపలా ఉంది, తిన్నదంతా అటు పోదు.)

గ్లూటమేట్ శరీరంలో ప్రతి కణంలోనూ ఉంటుంది. ఇంత మామూలు పదార్థం మెదడులో కబుర్లు మోస్తుందంటే ఎవరు నమ్ముతారు? ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రాలో డేవిడ్ కర్టిస్, జెఫ్ వాట్కిన్స్ 1959 ప్రాంతంలో దాన్ని పరీక్షించారు. వెన్నుపాములో ఏ నాడీకణం మీద వేసినా అది ఉలిక్కిపడి లేచింది. అదే దాని మీద అనుమానానికి కారణమైంది. అందరినీ ఒకేలా లేపేది, ఫలానా వాళ్ళ కబురు ఫలానా వాళ్ళకి ఎలా చేరుస్తుంది? ఇది కాదని అప్పటికి తేల్చేశారు. కానీ వాట్కిన్స్ కెమిస్టు. గ్లూటమేట్‌ని పోలిన అణువులు వరసగా తయారుచేస్తూ పోయాడు. వాటిలో ఒకటి గ్లూటమేట్ కన్నా ఎన్నో రెట్లు ఘాటుగా పనిచేసింది. దాని పొడుగాటి పేరుని కుదించి ఎన్ఎండీఏ అన్నారు. అది మెదడులో దేన్ని తాకుతోందో, ఆ దేన్నో ప్రకృతి ఎందుకు పెట్టిందో అప్పటికి ఎవరికీ తెలీదు.

ఇక రెండో పాయ. 1949లో కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ ఒక ఊహ చేశాడు. ఒక నాడీకణం ఇంకోదాన్ని పదేపదే లేపుతూంటే, ఆ రెంటి మధ్య బంధం బలపడాలి. నేర్చుకోవడమంటే అదే అయుండాలి. రెండు కణాలు కలిసే ఆ సన్నటి సందునే సినాప్స్ అంటాం. ఊహ బాగుంది, ఆధారం లేదు. నాలుగేళ్ళకి, 1953లో, అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గించడానికి మెదడు రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తీసేశారు. ఆ తర్వాత 2008లో చనిపోయేవరకూ అతనికి కొత్త సంఘటన ఏదీ గుర్తు నిలవలేదు. ఎక్కడ వెతకాలో అలా తెలిసింది. 1966లో ఓస్లోలో టెర్యే లోమో మత్తులో ఉన్న కుందేలు హిప్పోక్యాంపస్‌లో ఒక నాడీమార్గానికి వేగంగా విద్యుత్తు తాకించి చూస్తే, సినాప్స్ బలపడి అలాగే ఉండిపోయింది. తర్వాత ఆయనతో చేరిన టిమ్ బ్లిస్‌తో కలిసి 1973లో దీన్ని వివరంగా ప్రచురించాడు. కొన్నిసార్లు ఆ బలం పది గంటల దాకా నిలిచింది.

అయితే అసలు చిక్కు అలాగే ఉంది. రెండు కణాలూ ఒకేసారి మేలుకున్నాయని సినాప్స్‌కి చెప్పే సాక్షి ఎవరు?

ఈ రెండు పాయలూ 1983లో కలిశాయి. వాట్కిన్స్ అప్పటికి ఇంగ్లండ్‌లో, బ్రిస్టల్‌లో ఉన్నాడు. ఎన్ఎండీఏ తాకే చోటుని మాత్రమే మూసేసే ఏపీ5 అనే మందు ఆయన బృందం తయారుచేసింది. గ్రాహమ్ కాలింగ్రిడ్జ్, వాంకూవర్‌లో తన సహచరులతో కలిసి, ఎలుక హిప్పోక్యాంపస్ ముక్క మీద దాన్ని వాడాడు. మామూలు కబుర్లు యథాప్రకారం నడిచాయి. సినాప్స్ బలపడడం మాత్రం ఆగిపోయింది. మందు కడిగేస్తే మళ్ళీ బలపడింది. అంటే కబురు మోసే ద్వారం వేరు, నేర్చుకునే ద్వారం వేరు.

ద్వారం అన్నది వట్టి పోలిక కాదు. నాడీకణం పొరలో సోడియం, కాల్షియం లాంటి అయాన్లు రాకపోకలు సాగించే ప్రోటీన్ రంధ్రాలుంటాయి. వాటినే అయాన్ ఛానళ్ళు అంటారు. ఎన్ఎండీఏ రిసెప్టర్ అలాంటిదే. దాని గుట్టు 1984లో పారిస్‌లో లిండా నోవాక్, ఫిలిప్ అషర్‌ల బృందం, అమెరికాలో మార్క్ మేయర్, గేరీ వెస్ట్‌బ్రూక్‌ల బృందం విడివిడిగా విప్పాయి. కణాలున్న ద్రావణంలో మెగ్నీషియం లేకపోతే ఆ ఛానల్ సులువుగా పనిచేస్తోంది. మెగ్నీషియం కలిపితే, కణం నిద్రలో ఉన్నంతసేపూ మూసుకుపోతోంది!

కణం విశ్రాంతిలో ఉన్నప్పుడు లోపలి వైపు దాదాపు 70 మిల్లీవోల్టుల రుణ విద్యుత్తు ఉంటుంది. ధనావేశమున్న మెగ్నీషియం అయాన్ ఆ ఆకర్షణకి ఛానల్‌లోకి దిగి, సీసా మూతిలో బిరడాలా ఇరుక్కుంటుంది. అవతలి నుంచి గ్లూటమేట్ వచ్చి తలుపు తీసినా ఏమీ లోపలికి రాదు. ఆ క్షణంలో కబురందుకునే కణం కూడా మేలుకొని ఉంటేనే, లోపలి ఆకర్షణ తగ్గి బిరడా ఊడుతుంది. కాల్షియం లోపలికొస్తుంది. ఎంజైములు పనిలోకి దిగుతాయి. మామూలు కబుర్లందుకునే ఛానళ్ళు మరిన్ని వచ్చి ఆ చోట చేరతాయి. అవతలివాడు పిలవాలి, ఇవతలివాడు లేచి ఉండాలి. హెబ్ ఊహకి 35 ఏళ్ళ తర్వాత దొరికిన సాక్షి ఒక లోహపు అయాన్.

1986లో రిచర్డ్ మోరిస్, సహచరులు ఎలుకల మెదడులోకి ఏపీ5 పంపి, వాటిని మసక నీళ్ళ తొట్టిలో వదిలారు. నీటి కింద దాగున్న అరుగు ఎక్కడుందో నేర్చుకోవడం వాటికి కష్టమైపోయింది. ఈదడం మాత్రం వచ్చు.

మనుషుల్లో ఆ ద్వారాలు తగ్గిపోతే ఏమవుతుందో 2007లో హోసెప్ డాల్మావ్ బృందం చూపించింది. పన్నెండు మంది స్త్రీలు. మొదట భ్రమలు, వింత ప్రవర్తన. తర్వాత ఫిట్స్, అపస్మారకం. వాళ్ళ రక్తంలోని యాంటీబాడీలు పొరపాటున ఈ రిసెప్టర్లకే అంటుకుని, వాటిని కణం లోపలికి లాగేసుకునేలా చేస్తున్నాయి. ఇలాంటివాళ్ళని అంతకుముందు ఎక్కడికి పంపి ఉంటారు? పిచ్చాసుపత్రికో, దయ్యం వదిలించేవాడి దగ్గరికో. ఇప్పుడు స్టెరాయిడ్లతో, రక్తంలోంచి యాంటీబాడీలు తీసేసే చికిత్సతో చాలామంది కోలుకుంటున్నారు.

అలా కోలుకున్న న్యూయార్క్ జర్నలిస్టు సుసానా కహాలన్ 2012లో 'బ్రెయిన్ ఆన్ ఫైర్' రాసింది. ఆసుపత్రిలో గడిపిన ఆ నెల గురించి తనకి గుర్తున్నది దాదాపు శూన్యం. అందుకని ఆసుపత్రి వీడియోలు, డాక్టర్ల రికార్డులు, నాన్న డైరీ ముందు పెట్టుకొని తన కథ తనే పరాయిదాన్ని కూర్చినట్టు కూర్చుకుంది. స్వీయచరిత్ర అంటే జ్ఞాపకంలోంచి రాసేది అనుకుంటాం కదా.

బిరడాతో జ్ఞాపకం కథ అయిపోలేదు. అది మొదలవడం ఎలాగో చెప్తుంది గానీ, చిన్నప్పటి వాన వాసన అరవయ్యేళ్ళు ఎలా నిలుస్తుందో చెప్పదు. అయినా ఒక తేడా మాత్రం నాకు దీనివల్లే తెలిసొచ్చింది. మర్చిపోవడం వేరు, అసలు రాయబడకపోవడం వేరు. మర్చిపోయినది ఏ పాట వల్లో, ఏ వాసన వల్లో తిరిగి రావచ్చు. కహాలన్ నెల బహుశా రెండో రకం. ఆమె ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే రాసుకునే చేయి అప్పుడు లేదు. మన ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా జబ్బుపడి లేచాక, "ఆ రోజు నీకు గుర్తులేదా?" అని ఇంకోసారి గుచ్చిగుచ్చి అడిగేముందు, ఈ తేడా గుర్తుంచుకుంటే బాగుంటుంది.