ఫేర్‌వెల్ చీర పుట్టుపూర్వోత్తరాలు

పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాయంటే ఆదోని, ఎమ్మిగనూరు జూనియర్ కాలేజీల్లో చదువు కంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంటుంది: ఫేర్‌వెల్ ఫొటోకు ఏం కట్టుకోవాలి? బీరువాలోంచి అమ్మ పట్టుచీర దిగుతుంది. చీర ఎవరికైనా సరిపోతుంది, చిక్కంతా రైకతోనే. వదులైతే వెనక పిన్నీసులు, బిగుతైతే పక్క కుట్లు విప్పడం. మగపిల్లలు అందరూ నీలం చొక్కాలే అని తీర్మానం చేసుకుంటారు. తీరా ఆ రోజుకు నాలుగు రకాల నీలాలు వస్తాయి.

చదువు ముగిసే ఏడు ఫొటో దిగే అలవాటుకు అమెరికాలో పాత చరిత్ర ఉంది. పారిస్‌లో డగేర్ ఫొటో విద్య 1839లో లోకానికి తెలిసింది. 1860ల నాటికి బోస్టన్ ప్రాంతపు ఫొటోగ్రాఫర్ జార్జ్ వారెన్ హార్వర్డ్ వంటి కాలేజీల్లో చివరి ఏడాది విద్యార్థులకు విడివిడిగా ఫొటోలు తీసేవాడు. కుర్రాళ్లు స్నేహితుల ఫొటోలు కొనుక్కుని ఆల్బమ్‌గా కట్టించుకునేవారు. తర్వాతి కాలంలో అక్కడి స్టూడియోలు ఆడపిల్లల భుజాల మీద కప్పడానికి ఒక నల్లటి గుడ్డ ఉంచడం మొదలుపెట్టాయి. ఎవరొచ్చినా అదే, వెనక క్లిప్పు. మన ఊళ్ల స్టూడియోల్లో మేకుకు వేలాడే కోటు, కొక్కెం టై, పక్కన దువ్వెన, పౌడరు డబ్బా దానికి చుట్టాలే. ఫొటోలో కనిపించేది నడుము పైభాగమే కనుక కోటు కింద పంచె ఉన్నా ఎవరికీ పట్టేది కాదు.

అసలు ఏ రంగు కట్టుకోవాలో మొదట నిర్ణయించింది మనిషి కాదు, కెమెరాలో ఫొటో పడే గాజు పలక. మద్రాసులో 1856లోనే ఫొటోగ్రఫీ సంఘం పుట్టింది. ఆదోని అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లా కిందిది. ఆనాటి పలకలకు నీలం బాగా తెలిసేది, ఎరుపు దాదాపు తెలిసేదే కాదు. నీలం చీర ఫొటోలో వెలిసిపోయి తెల్లగా పడేది, ఎర్ర చీర నల్లబడేది. కుంకుమ బొట్టు కాటుక చుక్కయ్యేది. పసుపు రాసుకున్న ముఖమైతే ఉన్నదానికంటే నలుపుగా వచ్చేది. ఫొటోకు ముందు పౌడరు దట్టంగా అద్దుకునే అలవాటుకు ఇదీ ఒక కారణమని నా ఊహ. అన్ని రంగులనూ పట్టే పలకలు 1906లో ఇంగ్లండులో అమ్మకానికి వచ్చాయి.

తెల్లబట్టది వేరే తంటా. ముఖానికి వెలుగు సరిచూస్తే చొక్కా మడతలు కనబడవు, చొక్కాకు సరిచూస్తే ముఖం చీకటి.

మన దేశంలోనే ఫిల్ము తయారుచేయాలని 1960లో ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ పెట్టారు. ఆ తర్వాత రంగుల ల్యాబులొచ్చి, చీరను రంగు చూసి ఎంచుకోవడంలో అర్థం వచ్చింది. నలుపు తెలుపు రోజుల్లో పెద్దంచు, జరీ ఉంటే చాలు, ఫొటోలో దర్జా అదే.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పక తప్పదు. ఎమ్మిగనూరు నేతకారుల ఊరు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టి పేరు తెచ్చిన చోటు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అలాంటి ఊళ్లో ఫేర్‌వెల్ ఫొటో చూస్తే మెరిసేది ఎక్కువగా మిల్లు చీరే. ధర, బరువు, ఇస్త్రీ అక్కర్లేకపోవడం అన్నీ దానివైపే ఉన్నాయి, పిల్లల్ని తప్పుపట్టలేం. అయినా ముతక నూలు చీర ఫొటోకు మేలు. నిగనిగలాడదు, ఫ్లాష్ వెలుగు దాని మీద తెల్లమచ్చలా పడదు, కుచ్చిళ్లు నిలబడతాయి.

డిజిటల్ కెమెరా వచ్చాక కొత్త శత్రువు దొరికింది: సన్నగళ్లు, సన్నచారలు. దారాల వరుస, కెమెరాలోని చుక్కల వరుస ఒకదానితో ఒకటి పొసగక చొక్కా మీద లేని అలలు పుట్టుకొస్తాయి. అందుకే గ్రూపు ఫొటోకు పెద్ద గళ్లయినా, గళ్లే లేనిదైనా వేసుకోవాలి. హాల్ టికెట్ ఫొటోకు ఈ బాధలేమీ లేవు, యూనిఫాం ఉంది.