వద్దన్న తండ్రి

మంచు అంటే నాకు తెలిసినంతవరకు ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టుకుపోయి, నెలకోసారి చెంబుడు నీళ్ళు పోసి కరిగించవలసి వచ్చేది. ధనుర్మాసంలో తెల్లవారుజామున ముగ్గు పెడుతుంటే వేళ్ళు కొంకర్లు పోయాయంటే అదే మాకు హిమాలయం. అలాంటిదాన్ని మంచుమీద పరుగులు తీసిన ఓ జర్మనీ అమ్మాయి గురించి రాయడానికి కూర్చున్నానంటే మీకు నవ్వు రావచ్చు. నవ్వండి, ఫరవాలేదు. ఈ కథలో మంచు పాత్ర తక్కువే. ఒక తండ్రి, ఒక కూతురు, ఒక చిన్న నీలం మాత్ర - అసలు కథ ఆ మూడింటిదీ.

ఈ ఆట వైపు నా చూపు తిప్పింది మా అత్తగారు. ఆమధ్య టీవీలో శీతాకాలపు ఒలింపిక్స్ వస్తుంటే, వత్తులు చేసుకుంటూ చూస్తున్న ఆవిడ ఉన్నట్టుండి, "ఏమ్మాయ్, ఆ పిల్ల వీపుకి తుపాకీ ఎందుకే? ఆ అడవిలో ఎలుగుబంట్లు తిరుగుతాయా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. బి.ఏ.లో చరిత్ర చదివానని ఇంట్లో అందరికీ చెప్పుకునేదాన్ని, తెలియదంటే ఏం బాగుంటుంది? "కనుక్కుని చెబుతానండీ" అన్నాను. కనుక్కోబోయి ఎక్కడికో వెళ్ళిపోయాను.

ఆ ఆట పేరు బయాథ్లాన్. కాళ్ళకు పొడుగాటి స్కీలు కట్టుకుని మంచు దారిలో కొండలెక్కి దిగుతూ పరుగెత్తాలి. మధ్యమధ్య ఆగి, వీపున ఉన్న తుపాకీ తీసి, 50 మీటర్ల దూరంలో ఉన్న అయిదు గురులను కొట్టాలి. బోర్లా పడుకుని కొట్టేటప్పుడు ఆ గురి వెడల్పు నాలుగున్నర సెంటీమీటర్లు. నిలబడి కొట్టేటప్పుడు పదకొండున్నర - అంటే మనం టీ తాగే సాసరంత కూడా ఉండదన్నమాట. ఎలుగుబంట్లకోసం కాదు గానీ, మా అత్తగారి ఊహ మరీ తప్పేమీ కాదు. ఉత్తరదేశాల మంచులో సైనికులు స్కీల మీద తుపాకులతో కాపలా తిరిగిన అలవాటులోంచే ఈ పోటీ పుట్టింది.

చెప్పడానికి తేలికే. మూడంతస్తుల మేడమెట్లు పరుగున ఎక్కి, ఆ ఆయాసంతోనే సూదిలో దారం ఎక్కించి చూడండి, తెలుస్తుంది. పరుగు గుండెను గుర్రంలా ఉరికిస్తుంది. గురి మాత్రం ఆ గుర్రం నిలబడితే తప్ప కుదరదు. తొందరా, నిదానమూ రెండూ ఒకే మనిషిలో ఉండాలి. ఇంతకంటే ఆడవాళ్ళకు అలవాటైన పని ఇంకేముంది అనిపించింది నాకు! కానీ ఏం లాభం? మగవాళ్ళ బయాథ్లాన్ 1960లోనే ఒలింపిక్స్‌లో చేరింది. ఆడవాళ్ళకు ప్రపంచ పోటీలు పెట్టింది 1984లో. ఒలింపిక్స్ గుమ్మం తొక్కనిచ్చింది 1992లో. ముప్పై రెండేళ్ళు గుమ్మం బయటే నిలబెట్టారన్నమాట.

ఆ గుమ్మం తెరిచిన ఏడాదే లోపలికి అడుగుపెట్టి బంగారు పతకం పట్టుకొచ్చిన అమ్మాయి ఆంత్యే మిజెర్‌స్కీ.

1967 మే నెలలో, అప్పటి తూర్పు జర్మనీలోని మాగ్డెబుర్గ్‌లో పుట్టింది. అప్పటికి జర్మనీ రెండు ముక్కలు, మధ్య గోడ. తండ్రి హెన్నెర్ మిజెర్‌స్కీ స్కీ కోచ్. కొండలూ అడవులూ మంచూ ఉన్న థురింగియా ప్రాంతంలో ఆడపిల్లల జట్టుకు శిక్షణ ఇచ్చేవాడు. ఆ జట్టులో ఆయన కూతురూ ఒకతి. అప్పటికింకా తుపాకీ లేదు, ఉత్త పరుగే. 1985 జనవరిలో ఆస్ట్రియాలోని జేఫెల్డ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో తూర్పు జర్మనీ ఆడపిల్లలు రిలేలో కాంస్యం గెలిచారు. ఆ నలుగురిలో పదిహేడేళ్ళ ఆంత్యే ఉంది. పదిహేడేళ్ళకే ప్రపంచ పతకం! ఇంక ఆ పిల్లకు ఎదురేముందని ఎవరైనా అనుకుంటారు.

అక్కడే నీలం మాత్ర వచ్చింది.

తూర్పు జర్మనీ జనాభా కోటీ డెబ్భై లక్షల లోపు. అంత చిన్న దేశం 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 40 స్వర్ణాలు గెలిచి, అమెరికాను దాటి, సోవియట్ యూనియన్ తరువాత రెండోస్థానంలో నిలబడింది. లోకమంతా ముక్కుమీద వేలేసుకుంది. ఆ పిల్లల కష్టం అబద్ధం కాదు. కానీ కష్టం వెనక ఇంకొకటి ఉంది. 1974లో ఆ ప్రభుత్వం రహస్యంగా ఒక పథకం వేసుకుని, ఆటగాళ్ళకు మందులు మింగించడం ఒక శాఖాపరమైన పనిలా నడిపింది. అందులో ముఖ్యమైనది ఓరల్ టురినాబోల్ అనే మాత్ర. మగవాళ్ళ శరీరంలో ఊరే హార్మోను లాంటిదే అది. కండ పెరుగుతుంది, అలసట త్వరగా తీరుతుంది. ఆడపిల్ల మింగితే గొంతు బొంగురుపోతుంది, మొహాన వెంట్రుకలు మొలుస్తాయి, నెలసరి తప్పుతుంది, కాలేయం చెడుతుంది. పన్నెండు, పద్నాలుగేళ్ళ పిల్లలకు కూడా విటమిన్ బిళ్ళలని చెప్పి ఇచ్చారు. కన్నవాళ్ళకు చెప్పలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలకు చదువుతున్నప్పుడు, జ్ఞాపకశక్తి పెరుగుతుందని ఎవరో చెబితే ఒక టానిక్ సీసా కొని తెచ్చాను. అందులో ఏముందో చదవలేదు. పొద్దున్నే గ్లాసులో కలిపి, "కళ్ళు మూసుకుని తాగెయ్" అన్నాను. పిల్ల అడిగింది, "ఏమిటమ్మా ఇది?" అని. "నీ మంచికే" అన్నాను. అదృష్టం, దానివల్ల మంచీ జరగలేదు, చెడూ జరగలేదు. కానీ ఆ రెండు ముక్కలు - నీ మంచికే - ఎంత తేలిగ్గా నోట్లోంచి వచ్చాయో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

హెన్నెర్ మిజెర్‌స్కీ కళ్ళు మూసుకోలేదు. తన దగ్గర శిక్షణ పొందే ఆడపిల్లలకు ఆ మాత్రలు ఇవ్వాలన్నప్పుడు, ఇవ్వనన్నాడు. తన కూతురికే కాదు, ఎవరి కూతురికీ ఇవ్వనన్నాడు. అది మామూలు దేశంలో అన్న మాట కాదు. క్రీడాసంఘం, ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువు - అన్నీ ప్రభుత్వం చేతిలోవే. ఎవరేం మాట్లాడారో రాసుకునే గూఢచారులు ఆటస్థలాల్లోనూ ఉండేవారు. అక్కడ "వద్దు" అంటే ఒక్క మాత్రను కాదు, మొత్తం బతుకునే పక్కకు నెట్టుకోవడం.

1985లో ఆయన్ను పనిలోంచి తీసేశారు. జేఫెల్డ్‌లో కూతురు పతకం గెలిచిన ఏడాదే!

మరి కూతురు? ఆమెను ఎవరూ తీసెయ్యలేదు. నోరు మూసుకుని, చేయి చాచి, మాత్ర అందుకుంటే జట్టులో చోటు ఖాయం. మన ఇళ్ళల్లో అయితే, "నాన్న పంతం నాన్నది, నీ భవిష్యత్తు నువ్వు చూసుకో" అని చెప్పే పెద్దలు పదిమంది బయల్దేరుతారు. కానీ ఆంత్యే స్కీలు విప్పి పక్కన పెట్టేసింది. తండ్రి వెంట తనూ బయటికి వచ్చేసింది. ఆటల్లో పద్దెనిమిది నుంచి ఇరవై రెండు వరకూ ఉన్న వయసు ఎంత విలువైనదో వేరే చెప్పాలా? నాలుగేళ్ళు అలా దాటిపోయాయి. ఆ నాలుగేళ్ళలో 1988 కాల్గరీ ఒలింపిక్స్ కూడా వచ్చి వెళ్ళింది.

1989లో ఆమె మళ్ళీ మంచులోకి వచ్చింది. ఈసారి వీపున తుపాకీతో. పరుగు పాత విద్యే, గురి కొత్తది. ఇరవై రెండో ఏట కూర్చుని ఓనమాలు దిద్దుకున్నట్టు మొదలుపెట్టింది. అదే ఏడాది నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. మరుసటి అక్టోబరులో రెండు జర్మనీలూ ఒకటయ్యాయి. వద్దన్న తండ్రిని వెళ్ళగొట్టిన దేశమే లేకుండా పోయింది.

1992 ఫిబ్రవరి, ఫ్రాన్సులోని ఆల్బర్‌విల్ ఒలింపిక్స్. 11వ తేదీన ఏడున్నర కిలోమీటర్ల పోటీ. రష్యా అమ్మాయి అన్ఫీసా రెజ్త్సోవా మొదటిది, ఆంత్యే రెండోది. 14వ తేదీన రిలే. ఫ్రాన్సు అమ్మాయిలు గెలిచారు, జర్మనీకి రజతం. ఆ జర్మనీ జట్టులో ముందు పరుగెత్తిన ఊషి డిజ్ల్, చివర పరుగెత్తిన పెట్రా షాఫ్ ఇద్దరూ పశ్చిమ జర్మనీ పిల్లలు, మధ్యన తూర్పు పిల్ల ఆంత్యే. మూడేళ్ళ కిందట వాళ్ళ మధ్య ముళ్ళకంచె ఉండేది.

ఇక 19వ తేదీ, 15 కిలోమీటర్లు. ఇదే అన్నింటికన్నా కఠినమైనది. నాలుగుసార్లు ఆగి ఇరవై గుళ్ళు కాల్చాలి. ఒక్కటి గురి తప్పిందా, మొత్తం సమయానికి ఒక నిమిషం కలుపుతారు. ఎంత వేగంగా పరుగెత్తినా ఆ నిమిషాన్ని పూడ్చుకోవడం మహా కష్టం. నిదానం తెలియనివాళ్ళను ఈ పోటీ క్షమించదు. ఆంత్యే ఇరవైలో పందొమ్మిది కొట్టింది. 51 నిమిషాల 47.2 సెకన్లలో గీత దాటింది. రెండోస్థానం వచ్చిన అమ్మాయికీ ఆమెకూ తేడా 11 సెకన్లు. నాలుగేళ్ళు ఊరికే పోగొట్టుకున్న పిల్ల పదకొండు సెకన్లతో గెలిచింది! ఆడవాళ్ళ బయాథ్లాన్‌లో 15 కిలోమీటర్ల మొట్టమొదటి ఒలింపిక్ విజేత ఆమే. వయసు ఇరవై నాలుగు.

ఆ తరువాత 1993లో, తనలాగే బయాథ్లాన్ ఆడే అమెరికా అబ్బాయి ఇయన్ హార్వీని పెళ్ళాడింది. 1994లో నార్వేలోని లిల్లేహామెర్‌లో ఆంత్యే హార్వీ పేరుతో మరో రజతం, 1995లో ఇటలీ కొండల్లో జరిగిన ప్రపంచ పోటీల్లో రిలే స్వర్ణం. అక్కడితో చాలనుకుంది. భర్తతో అమెరికా వెళ్ళి, యూటా రాష్ట్రంలో కాపురం పెట్టింది.

పాత దేశం దాచిన కాగితాలు మాత్రం ఒక్కొక్కటే బయటపడ్డాయి. వెర్నెర్ ఫ్రాంకే అనే శాస్త్రజ్ఞుడు, ఒకప్పటి క్రీడాకారిణి అయిన ఆయన భార్య బ్రిగిట్టె బెరెండోంక్ వాటిని వెతికి తీసి, 1991లో ఆవిడ పుస్తకంగా అచ్చువేయించారు. ఎవరికి, ఎప్పుడు, ఎన్ని మిల్లీగ్రాములు - అంతా చాకలి పద్దులా రాసి పెట్టుకున్నారట! 2000లో బెర్లిన్ కోర్టు అప్పటి క్రీడల అధిపతి మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌నూ, వైద్యాధికారి మాన్‌ఫ్రెడ్ హెప్నర్‌నూ దోషులన్నది. ఇద్దరిలో ఎవరూ జైలుకు వెళ్ళనవసరం లేకపోయింది, శిక్ష వాయిదావేసి వదిలారు. 2002లో బాధితులకు సహాయం చేసేందుకు చట్టం వచ్చింది. కానీ పోయిన గొంతునీ, చెడిన ఒంటినీ ఏ చట్టం తిరిగి ఇస్తుంది?

ఇదంతా మా అత్తగారికి ఓ సాయంత్రం కూర్చుని చెప్పాను. వత్తులు చేసే చేయి ఆపకుండానే విన్నారు. చివరికి, "పిల్లకు బంగారం వచ్చింది సరే, ఆ తండ్రికేమిచ్చారే?" అన్నారు.

మంచి ప్రశ్నే. ఆయన వద్దన్ననాడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు, మెడలో ఏమీ వేయలేదు. ఉద్యోగం మాత్రం తీసుకున్నారు. ఇరవై ఏడేళ్ళ తరువాత, 2012లో, జర్మనీ దేశపు గొప్ప క్రీడాకారుల పట్టికలో ఆంత్యే పేరు చేర్చారు. పక్కనే హెన్నెర్ మిజెర్‌స్కీ పేరు కూడా. గెలిచినందుకు కూతురికి ఎంత గౌరవమో, వద్దన్నందుకు తండ్రికీ అంత గౌరవం. ఆ మాట చెప్పగానే అత్తగారి మొహం విప్పారింది. "పోనీలే, ఆలస్యంగానైనా..." అని, చేసిన వత్తులన్నీ డబ్బాలో పెట్టుకుని లేచారు.

మా అమ్మాయి ఇప్పుడు కాలేజీకి వచ్చింది. పరీక్షలు మళ్ళీ వస్తాయి, ఎవరో ఒకరు మళ్ళీ ఏదో ఒక సీసా పేరు చెబుతారు. ఈసారి మాత్రం కళ్ళజోడు పెట్టుకుని చీటీ చదివిన తరువాతే గుమ్మం లోపలికి రానిస్తాను. పిల్ల "ఏమిటమ్మా ఇది?" అంటే, "నీ మంచికే" అనను. ఏమిటో చెబుతాను. చెప్పలేనిదైతే వద్దంటాను.