మెట్లెక్కే కుర్చీ: తాళ్ల నుంచి బ్యాటరీ దాకా

మెట్ల వెంట బిగించిన పట్టా మీద మనిషిని కూర్చోబెట్టి పైఅంతస్తుకు చేర్చే కుర్చీ స్టెయిర్ లిఫ్ట్. మోటారు రాకముందు ఆ పనికి మనుషుల రెక్కలే ఆధారం. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ 1536లో ఈటెల పోటీలో గుర్రం మీంచి పడ్డాడు. చివరి ఏళ్లలో కాలి పుండ్లు, స్థూలకాయం ఆయన్ను నడవనివ్వలేదు. వైట్‌హాల్ భవనంలో ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నౌకర్లు తాళ్లతో, కప్పీలతో మెట్ల మీదుగా లాగేవారని చరిత్రకారుడు డేవిడ్ స్టార్కీ అభిప్రాయం. మన దగ్గర తిరుమలకు 1944లో ఘాట్ రోడ్డు పడేదాకా మెట్లెక్కలేని యాత్రికులను డోలీల్లో మోసుకెళ్లేవారు.

న్యూయార్క్‌లోని ఒక దుకాణంలో 1857లోనే ఓటిస్ లిఫ్ట్ జనాన్ని ఎక్కించుకుంది. అయితే దానికి నిలువునా గొయ్యిలాంటి దారి కావాలి. కట్టేసిన ఇంట్లో ఆ దారి తీయాలంటే గోడలు, శ్లాబులు పగలగొట్టాల్సిందే. ఉన్న మెట్లనే దారిగా వాడుకోవడం అమెరికాలో 1920లలో మొదలైంది. పెన్సిల్వేనియాకు చెందిన సి.సి. క్రిస్పెన్, మెట్లు దిగలేక పైగదికే పరిమితమైన మిత్రుణ్ని చూసి ‘ఇంక్లినేటర్’ తయారుచేశాడు. మడిచే చెక్క కుర్చీ, పాదాలు ఆనించుకునే పలక, రెండు పట్టాలు, ఇంటి కరెంటుతో తిరిగే మోటారు: ఇంతే దాని నిర్మాణం. పోలియో ప్రబలిన ఆ రోజుల్లో ఆ రోగులే దాన్ని ఎక్కువగా కొన్నారు.

పడకగదులు పైఅంతస్తులో ఉండే బ్రిటన్ ఇళ్లలో స్టెయిర్ లిఫ్ట్ వృద్ధుల సాధనమైంది. 1867 నుంచి క్రేన్లు, లిఫ్టులు చేస్తున్న స్టానా కంపెనీ 1975లో ఈ రంగంలోకి దిగింది. తర్వాత బ్యాటరీ వచ్చింది. పట్టా చివర కుర్చీ ఆగినప్పుడు అది చార్జి అవుతుంది కాబట్టి, కరెంటు పోయినా ప్రయాణం మధ్యలో ఆగదు. అడ్డం తగిలితే కుర్చీ దానంతట అదే నిలిచిపోతుంది. పైకి చేరాక సీటు గది వైపు తిరిగి బిగుసుకుంటుంది. దిగేవారి వీపు మెట్ల వైపు ఉంటుంది కనుక తూలిపడే భయం తక్కువ.

ధరను ప్రధానంగా తేల్చేది పట్టా. తిన్నని మెట్లకు సిద్ధంగా ఉన్న పట్టాను కోసి బిగిస్తారు. తెలుగునాట డూప్లెక్స్ ఇళ్లలో మెట్లు సాధారణంగా మధ్యలో మలుపు తిరుగుతాయి. అలాంటి చోట కొలతలు తీసి, ఆ ఇంటికే ప్రత్యేకంగా పట్టా వంచాలి. ఖర్చు బాగా పెరుగుతుంది, మరో ఇంటికి అది పనికిరాదు. పట్టాను గోడకు కాక మెట్లకే బిగిస్తారు కాబట్టి, మిగిలే వెడల్పులో ఇతరులు నడవగలరో లేదో చూసుకోవాలి. తల్లిదండ్రులను షోరూమ్‌లో కూర్చోబెట్టి, వారంతట వారే ఎక్కి, బెల్టు పెట్టుకుని, బటన్ నొక్కి, దిగగలరో లేదో పరీక్షించాలి. దగ్గర్లో సర్వీసు దొరకని యంత్రాన్ని ఎంత చవకైనా కొనకూడదు.